దస్కతు ఎవరిది?

విదేశమునకు వేడుకగా పోయి, వినోదయంత్రమెక్కి, ఎముక విరిగి ఇల్లు చేరినవారికి జవాబు చెప్పవలసినవారెవరు? ఈ ప్రశ్న ఇటీవల చేతికఱ్ఱ పట్టిన యొక వృద్ధురాలి రూపమున మా గది గడప త్రొక్కినది. ఆమె బెల్లంపల్లి వాస్తవ్యురాలు. భర్త సింగరేణి గనిలో ముప్పది యేండ్లకు పైగా వైండింగు ఇంజను నడిపి విశ్రాంతి గైకొన్నవాడు. కుమారుడు గల్ఫు దేశమొకదానిలో కొలువు చేయుచు, తలిదండ్రులను రెండు వారములు వచ్చి పొండని పిలిచెను. ఇక్కడి యాత్రా ఏజెంటు విమానపు టిక్కెట్టు, వీసా, బస, ఒకనాడు వినోదవనప్రవేశము, అన్నియు కలిపి ఒకే మొత్తమునకు కుదిర్చెను.

ఆ వినోదవనమున ఆమె కూర్చున్న పీఠమున ఒడిపై పడవలసిన ఇనుపకడ్డీ సరిగా బిగియలేదు. చేయెత్తి పిలిచినను నడుపువాడు చూడలేదు. యంత్రము వేగమందుకొనగనే ఆమె ప్రక్కకు జారి, తుంటియెముక విరిగినది. ఆసుపత్రికి పంపుటకు ముందే కుమారునిచేత ఒక కాగితముపై సంతకము చేయించుకొనిరి. అందేమున్నదో చదువు స్థితిలో ఆతడు లేడు. పిమ్మట వనమువారు టిక్కెట్టు వెనుక ముద్రించిన షరతులను చూపిరి. ఇక్కడి ఏజెంటు తాను టిక్కెట్టు అమ్మినవాడనే గాని యంత్రము త్రిప్పినవాడను కాననెను. కుమారుడు తన కొలువునకును వీసాకును చేటు వచ్చునేమోయని భయపడి, మాటాడవలదని తండ్రిని బ్రతిమాలెను.

మేము నష్టపరిహారమును గూర్చి చెప్పబోగా ఆ పెద్దమనిషి మమ్ము ఆపి అడిగినది ఒక్కటే. “వకీలుసాబ్, పైసల మాట తరువాత. ఆ మిషిను బుక్కు యాడున్నది? పొద్దున దాన్ని చూసిన్నని దస్కతు పెట్టినోడెవడు?”

ఇరువది యేండ్లుగా న్యాయస్థానములలో మెలగుచున్న మాకు ఇంతకంటె సూటియైన ప్రశ్న స్ఫురింపలేదని ఒప్పుకొనుచున్నాము.

ఆయనకు ఆ ప్రశ్న వృత్తి నేర్పినది. బొగ్గుబాయిలోనికి మనుష్యులను దింపు పంజరమునకును, వినోదవనమున మనుష్యులను పైకెత్తు పీఠమునకును తత్త్వమున భేదము లేదు. రెండింటను మోటారు, బ్రేకు, తాళము, నడుపువాడు ఉందురు. రెండింటను ఎక్కినవాని ప్రాణము ఇతరుల చేతిలోనుండును. గనిలో త్రాటిని, పంజరమును, బ్రేకును అర్హుడైనవాడు నియమితముగా పరీక్షించి, పుస్తకమున వ్రాసి, క్రింద చేవ్రాలు చేయవలెను. ఆయన కొలువునాళ్లలో అమలులోనుండిన 1952 నాటి గనుల చట్టము ప్రకారము, ప్రమాదము జరిగినచో తనిఖీ అధికారికి వెంటనే తెలియజేయుటయేగాక, ఆ నోటీసు ప్రతిని కార్మికసంఘపు అధికారులు చూచుటకు వీలగునట్లు పలకపై అంటింపవలసియుండెను. ప్రాణము పోయినను తీవ్రముగా గాయపడినను, ప్రాణరక్షణకు తప్ప, అధికారి వచ్చి చూచువఱకు ఆ స్థలమును కదలింపరాదు. అవసరమైనచో ప్రభుత్వము విచారణ న్యాయస్థానమునే నియమింపవచ్చును. ఆ చట్టమును 2020 నాటి వృత్తిభద్రతాస్మృతిలో కలిపిరి గాని, ఆ సూత్రము పాతబడలేదు. ఇన్ని నియమములున్నను గనులలో నెత్తురు చిందుట ఆగలేదని బెల్లంపల్లి వారికి ఎవరును చెప్పనక్కఱలేదు. అయినను ప్రమాదము జరిగిన మఱునాడు “ఎవడు చూచెను, ఎప్పుడు చూచెను” అని యడుగుటకు అక్కడ ఒక పుస్తకమున్నది. ఆ పుస్తకమే కార్మికుని బలము.

విదేశములలో బాధితులకు న్యాయము దొరకిన చోటులను పరిశీలించిన యెడల, అన్నింటను ఇట్టి పుస్తకమే కనబడును. 2015 జూన్ 2వ తేదీన ఇంగ్లాండులోని ఆల్టన్ టవర్సు వినోదవనమున ‘స్మైలర్’ అను యంత్రముపై జనులతో నిండిన బండి, పట్టాలపై నిలిచియున్న ఖాళీబండిని ఢీకొనెను. 16 మంది గాయపడిరి; ఇరువురు యువతులు చెఱియొక కాలు కోల్పోయిరి. యంత్రము తనంతట తానాగినను సిబ్బంది ఆ నిలుపుదలను త్రోసిపుచ్చి బండిని నడపిరని విచారణలో తేలినది. ప్రభుత్వ భద్రతాసంస్థయే నేరాభియోగము తెచ్చెను. 2016లో న్యాయస్థానము ఆ కంపెనీకి 50 లక్షల పౌండ్ల జరిమానా విధించెను. ఆస్ట్రేలియాలోని డ్రీమ్‌వరల్డ్ వనమున 2016 అక్టోబరు 25న, ఆ దినముననే అంతకుముందు చెడిన పంపు మరల చెడి, నీటిమట్టము పడిపోయి, తెప్పలు ఢీకొని నలుగురు మరణించిరి. మరణవిచారణాధికారి లోపములను బహిరంగముగా ఎత్తిచూపెను. 2020లో కంపెనీకి 36 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడెను. ఈ రెండు చోటులందును విచారణ బాధితుని దయాభిక్షగా రాలేదు. రాజ్యము తన విధిగా చేసినది.

అట్లని విదేశమందంతటను న్యాయము సులభమని భ్రమపడరాదు. 2022 మార్చిలో అమెరికాలోని ఆర్లాండో నగరమున 430 అడుగుల యెత్తు గోపురయంత్రమునుండి 14 ఏండ్ల బాలుడు జారిపడి మరణించెను. అతడు కూర్చున్న పీఠపు కడ్డీ అవసరమైనదానికంటె ఎక్కువ ఎడము విడిచినను యంత్రము కదలునట్లు మార్చబడియుండెను. 2024 డిసెంబరులో అక్కడి జ్యూరీ ఆ యంత్రమును చేసిన ఆస్ట్రియా కంపెనీ ఆ తలిదండ్రులకు 31 కోట్ల డాలర్లు చెల్లింపవలెనని చెప్పెను. కాని ఆ కంపెనీ ఆ న్యాయస్థానమున హాజరు కానేలేదు. డిక్రీ పొందుట యొక యుద్ధము, దానిని అమలు జరుపుట రెండవ యుద్ధమని న్యాయవాదులందఱు ఎఱుగుదురు. సంపన్నదేశపు పౌరునికే సముద్రము దాటి న్యాయము పట్టుకొనుట ఇంత కష్టమైనచో, రెండు వారముల వీసాపై పోయిన బెల్లంపల్లి వృద్ధురాలి మాటయేమి?

అయినను ఆమెకు దారులు మూసికొనిపోలేదు. మన పఠనమందిరములలో ఈ సంగతులు తెలియవలెనని వ్రాయుచున్నాము. మొదటి దారి అక్కడిది. గాయము తగిలిన చోటి చట్టమే సాధారణముగా ఆ తగవునకు వర్తించును. అక్కడి గడువే గడువు. కనుక దేశము విడుచుటకు ముందే పోలీసులకు ఫిర్యాదు చేసి నకలు తీసికొనవలెను. ఆసుపత్రి కాగితములు, టిక్కెట్టు, చూచినవారి చిరునామాలు, యంత్రపు ఛాయాచిత్రములు భద్రపఱచుకొనవలెను. అర్థము కాని కాగితముపై సంతకము చేయరాదు. ఐక్య అరబ్ ఎమిరేట్స్‌తో మన దేశము 1999లో న్యాయసహకారపు ఒడంబడిక చేసికొన్నది; 2020 జనవరిలో ఆ దేశపు కోర్టుల డిక్రీలను ఇచ్చటి జిల్లా కోర్టులు అమలు జరుపునట్లు మన ప్రభుత్వము ప్రకటించినది. అప్పు తీర్చక వచ్చినవానిని ఇంటివఱకు తఱుముటకు ఈ ఏర్పాటు చక్కగా పనికివచ్చును. గాయపడి వచ్చినవారికి అండయగుటకును ఇరుదేశముల సహకారము అంత చుఱుకుగా నుండవలెనని కోరుట అన్యాయమా?

రెండవ దారి మన గడపయొద్దనే యున్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము ప్రకారము, ఫిర్యాదుదారు తాను నివసించు జిల్లాలోని కమిషనునందే ఫిర్యాదు చేయవచ్చును. డబ్బు చెల్లించినది కుమారుడైనను, ఆ సేవ ననుభవించిన తల్లియు వినియోగదారురాలే. అన్నియు కలిపి ఒకే మొత్తమునకు అమ్మిన ఏజెంటు “నాకు సంబంధము లేద”ని చేతులు దులుపుకొన్నంత మాత్రమున ఆ తగవు తీరదు. ఏ వాగ్దానముతో ఏమి అమ్మెనో కమిషను ముందు చెప్పుకొనవలసియుండును. అయితే గడువు రెండేండ్లు మాత్రమే. గాయము మానిన పిదప చూతమని కూర్చుండినవాడు, సహేతుకమైన కారణము చూపలేనియెడల, ఆ హక్కును కోల్పోవును.

టిక్కెట్టు వెనుకనున్న “ఎక్కువారు తమ పూచీపైననే ఎక్కవలెను” అను వాక్యమును చూచి బెదరనక్కఱలేదు. నిర్లక్ష్యమువలన కలుగు మరణమునకుగాని గాయమునకుగాని బాధ్యత లేదని కాగితముపై వ్రాసికొన్నంత మాత్రమున చెల్లదని ఇంగ్లాండు 1977లోనే చట్టము చేసినది. యంత్రము తిరుగునప్పుడు కడుపులో త్రిప్పుట ఎక్కినవాని పూచీ; కడ్డీ బిగించుట నడుపువాని పూచీ. ఈ రెండింటిని ఒక్క వాక్యమున కలిపి కట్టుట మోసము.

ఇక కుమారుని భయము. దీనిని మేము తేలికగా తీసివేయజాలము. కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములనుండి గల్ఫునకు పోయిన వేలకొలది కుటుంబములు ఈ భయముతోడనే బ్రతుకుచున్నవి. జీతము రాకున్నను, చేయి తెగినను, నోరు విప్పిన కొలువు పోవునని ఊరకుండుట వారికి అలవాటైపోయినది. అప్పు తీరనిదే తిరిగి రాలేనివానికి ధైర్యము చెప్పుట సులభము, ధైర్యము చేయుట కష్టము. అందుచేతనే ఫిర్యాదు భారము ఒంటరివాని భుజముపై నుండరాదు. ఆపదలోనున్న ప్రవాసభారతీయుల కొరకు 2009లో ఏర్పడిన సంక్షేమనిధి మన దౌత్యకార్యాలయముల చేతనున్నది. వినోదవనమున తుంటి విరిగిన తల్లికైనను, కట్టడముపైనుండి పడిన కూలికైనను, విచారణ నివేదికను తెప్పించి యిచ్చుట దౌత్యాధికారులు తమ విధిగా నెంచవలెను.

“మన కూలీలు శవపేటికలలో తిరిగివచ్చుచుండగా, వేడుకకు పోయి గాయపడినవారి గొడవ మనకేల?” యని కొందఱనవచ్చును. కూలి ప్రాణము విలువైనదగుటవలన తల్లి ఎముక విలువ తగ్గదు. ఇద్దఱి విషయమునను యంత్రము ఇతరులది, లాభము ఇతరులది, దెబ్బ మాత్రము మనవారిది. ఒకరికొఱకు సాధించిన దారి రెండవవారికిని పనికివచ్చును.

కాని పరదేశమును ప్రశ్నించుటకు ముందు మన యింటిని చూచుకొనవలెను. 2018 మే నెలలో అనంతపురమున జెయింటువీలు తొట్టి ఊడిపడి పదియేండ్ల బాలిక మరణించెను. 2019 జూలైలో అహమ్మదాబాదు కాంకరియా సరస్సు చెంత ఊయలయంత్రము విరిగి ఇరువురు మరణించిరి, ఇరువదిమందికి పైగా గాయపడిరి. 2025 జనవరిలో హైదరాబాదు నుమాయిష్‌లో ఒక యంత్రము నడుమ నిలిచిపోగా, ఎక్కినవారు తలక్రిందులుగా వ్రేలాడిరి. మనకు ఈ యంత్రముల భద్రతకై కేంద్రశాసనమొక్కటియు లేదు. జాతరకు వచ్చు రంగులరాట్నమునకు ఏ యింజనీరు చేవ్రాలున్నదో ఎక్కు తల్లికి తెలియదు. బాయిలోనికి దిగు తండ్రికి పుస్తకమున్నది. తిరునాళ్లలో చక్రమెక్కు వాని బిడ్డకు లేదు.

కావున మా కోరికలు మూడు. వినోదయంత్రములన్నింటికి, అవి స్థిరమైనవైనను జాతరనుండి జాతరకు తిరుగునవైనను, అర్హుడైన యింజనీరు పరీక్షయు, చేవ్రాలుతో కూడిన పుస్తకమును, ఆ పత్రము టిక్కెట్టు కిటికీయొద్ద అంటించుటయు శాసనమున విధింపవలెను. ప్రమాదము జరిగిన యంత్రమును గనిలోవలెనే విచారణ ముగియువఱకు కదలింపరాదు. యాత్రను మొత్తముగా అమ్మినవాడే యాత్ర మొత్తమునకు జవాబుదారి కావలెను. ఇంగ్లాండు 2018లో ఇట్టి నిబంధనలు చేసినది గనుక ఇది అసాధ్యమని యెవరును చెప్పజాలరు.

ఆ వృద్ధదంపతుల తరపున ఏజెంటునకు నోటీసు పంపితిమి; వినోదవనమునకు వ్రాసితిమి. డబ్బు ఎంత యని ఆ నోటీసున చివర నడిగితిమి. మొదట అడిగినది ఆ పెద్దమనిషి ప్రశ్నయే: ఆ దినమున ఆ యంత్రమును పరీక్షించిన పుస్తకపు నకలు పంపుడు, దానిపై ఎవరి దస్కతున్నదో చూపుడు. ఇంకను జవాబు రాలేదు. రెండేండ్ల గడువులో ఎనిమిది మాసములు గడచినవి. ఫిర్యాదు సిద్ధమగుచున్నది. కుమారుడును గతవారము తన వాంగ్మూలమును వ్రాసి పంపెను.