దీవులకు చేరిన బ్యాటరీ తిరిగి వచ్చేదెలా?

పొగ వదలని బస్సు పర్యావరణానికి మేలు చేస్తుందనడంలో సందేహం లేదు. అయితే దానిని నడిపే బ్యాటరీ శక్తి ఉడిగిన తరువాత ఎక్కడికి చేరుతుందన్న ప్రశ్నకు సమాధానం లేనంతవరకు ఆ మేలు సగమే. అండమాన్ నికోబార్ దీవులలో ఈ సమస్య మరింత తీవ్రమైనది. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్‌గా వ్యవహరించిన శ్రీ విజయపురంలో, మిన్నీ బే వంటి తీర ప్రాంతాలలో జనావాసాలకు, సముద్రానికి మధ్య దూరం స్వల్పం. చెత్తలో పడిన బ్యాటరీలోని రసాయనాలు వాననీటితో కడలిలో కలవడానికి ఎంతో కాలం పట్టదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో 13 శాతం మందికి మాతృభాష తెలుగు కావడం గమనార్హం.

ఎన్.టి.పి.సి. అనుబంధ సంస్థ ద్వారా దీవులలో 40 విద్యుత్ బస్సులు ప్రవేశపెట్టారు. 2022లో కేంద్రం జారీచేసిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు పాత బ్యాటరీలను భూమిలో పూడ్చడాన్ని, తగులబెట్టడాన్ని నిషేధించాయి. వాటిని సేకరించి పునశ్శుద్ధి చేయించే బాధ్యతను ఉత్పత్తిదారులపై, దిగుమతిదారులపై మోపాయి. విద్యుత్ వాహనాల కొత్త బ్యాటరీలలో 2027-28 నుంచి 5 శాతం, 2030-31 నాటికి 20 శాతం పునశ్శుద్ధి చేసిన పదార్థాలు ఉండాలని నిర్దేశించాయి.

సాంకేతిక పరిజ్ఞానానికి కూడా కొరత లేదు. లిథియం, కోబాల్ట్, నికెల్, మాంగనీస్‌లను 95 శాతం వరకు రాబట్టగల విధానాన్ని హైదరాబాద్‌లోని సీ-మెట్ రూపొందించగా, 2023లో దానిని తొమ్మిది సంస్థలకు బదలాయించారు. కీలక ఖనిజాల పునశ్శుద్ధికి రు.1,500 కోట్ల ప్రోత్సాహక పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆమోదించింది.

చిక్కంతా రవాణాలోనే ఉంది. ప్రధాన భూభాగపు రేవులు దాదాపు 1,200 కిలోమీటర్ల దూరాన ఉన్నాయి. అంతర్జాతీయ నౌకా రవాణా నియమావళి లిథియం బ్యాటరీలను ప్రమాదకర సరుకుగా పరిగణిస్తుంది. దెబ్బతిన్న వాటికి షరతులు ఇంకా కఠినం. పైగా చౌకైన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలలో కోబాల్ట్, నికెల్ ఉండవు. రాబడి తక్కువైన సరుకును ఓడ కిరాయి భరించి తీసుకువెళ్లడానికి ఏ వ్యాపారీ ముందుకు రాడు. కనుక దీనిని మార్కెట్‌కు వదిలివేయడం పొరపాటు.

మార్గాంతరం లేకపోలేదు. వాహనానికి పనికిరాని బ్యాటరీలో సాధారణంగా 70 నుంచి 80 శాతం సామర్థ్యం మిగిలి ఉంటుంది. దీవుల విద్యుత్తు అధికభాగం ఓడలలో తెచ్చిన డీజిల్‌తోనే ఉత్పత్తి అవుతోంది. అక్కడ ఎన్.ఎల్.సి. సంస్థ 20 మెగావాట్ల సౌర కేంద్రానికి 8 మెగావాట్ అవర్ల బ్యాటరీ నిల్వను జోడించింది. పాత బస్సు బ్యాటరీలను పరీక్షించి, సురక్షితమైన వాటిని ఇటువంటి నిల్వకు వాడితే కొన్నేళ్లు డీజిల్ ఆదా అవుతుంది, తిరుగు ప్రయాణం కూడా వాయిదా పడుతుంది.

అయితే వాయిదా పరిష్కారం కాదు. దీవులకు వాహనాలు అమ్మే ప్రతి ఉత్పత్తిదారు తిరుగు ఓడ కిరాయిని కూడా భరించాలని టెండర్లలోనే షరతు విధించాలి. రేవు సమీపంలో అగ్నిభద్రత గల నిల్వ కేంద్రం నెలకొల్పాలి. దీనివల్ల వాహనాల ధర పెరుగుతుందన్న వాదన రావచ్చు. కానీ ఆ వ్యయం నేడు లేనిది కాదు. వసూలు చేయని పక్షంలో దానిని రేపు చెల్లించేది తీరవాసులు, మత్స్యకారులే. బస్సులు ఒకే యాజమాన్యం కింద ఉన్నందున ఆరంభం సులువు. ఇంటింటా స్కూటర్లు పెరిగిన తరువాత పాత బ్యాటరీలను ఏరడం ఎన్నో రెట్లు కష్టం. అధికార యంత్రాంగం మేల్కొనవలసింది ఇప్పుడే.