ట్రాక్టరు బానెట్‌ను ఇంటి వద్దనే సరిచేసికొనుట



మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలలో బానెట్ లేకుండ తిరుగు ట్రాక్టర్లు ఎన్నో కనబడుచున్నవి. చెట్టుకొమ్మ తగిలి సొట్ట పడినదనియో, అదురుకు పగిలినదనియో దానిని విప్పి పశువుల కొట్టం వెనుక పడవేయుదురు. ఇంజను నడుచుచున్నది గదా, పై రేకుతో ఏమి పని అని అనుకొందురు. ఒక ఇంట ఆ రేకు క్రింద కోడి పొదుగుచుండగా మేము చూచితిమి. కోడికి నీడ దొరికినది గాని, ఆ ఇంటివారి ట్రాక్టరుకు మాత్రం ఫ్యాను, బెల్టు బయటపడి తిరుగుచున్నవి.

ఆ ఫ్యాను సంగతియే ముందుగా చెప్పవలెను. ఇంజను పనిలో ఉన్నప్పుడు అది నిమిషమునకు వేయి చుట్లకు పైగా తిరుగును. రెక్కలు కంటికి కనబడవు. చీర కొంగు, చున్నీ, భుజం మీది తువ్వాల, వీటిలో ఏది చిక్కినను చేయి వెనుకకు తీసికొనుటకు సమయముండదు. రేడియేటరులో నీళ్లు పోయునది తరచుగా ఇంటి ఆడవారే. ఆదివారము గుడి ముందర బండి ఆగగానే దాని మీదికి ఎక్కునది పిల్లలే. మరియు అనేక ట్రాక్టర్లలో డీజిలు ట్యాంకు బానెట్ క్రిందనే ఉండును. రేకు లేనియెడల వరిగడ్డి, పత్తిపీచు ఎగిరి వేడి సైలెన్సరు మీద పడి మాడును. కాబట్టి బానెట్ అందము కొరకు పెట్టినది కాదు.

కొత్తది కొనుట అందరికి సాధ్యమా? పాత బండ్లకు దొరకుటయే కష్టము. 1971లో పింజోరులో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టిన హెచ్.ఎం.టి. సంగతి చూడండి. ఆ విభాగమును మూసివేయుటకు 2016లో కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపినది. బండి మాత్రం ఇంకను చెలకలో దున్నుచున్నది. అట్టివారు ఉన్న రేకునే బాగుచేసికొనవలెను.

అయితే సుత్తి పట్టకముందు ఒక పరీక్ష. దెబ్బ ముందు వైపున తగిలినట్లయిన రేకు ఒక్కటే వంగి ఊరుకొనదు. రేడియేటరు కారుచున్నదా, ఫ్యాను రెక్క వంగినదా, స్టీరింగు రాడ్లు సరిగా ఉన్నవా, ముందు చక్రములు రెండును ఒకే దారిని చూచుచున్నవా, ఇవి చూడండి. స్టీరింగులో ఏమాత్రము తేడా కనబడినను మెకానిక్కు చూచువరకు బండి తీయవద్దు. 2018 జూన్‌లో వలిగొండ మండలం వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయిరి. వారిలో ఎక్కువమంది స్త్రీలే. దానికి ఇట్టి లోపము కారణమని మేము చెప్పుటలేదు. ట్రాలీ మనుష్యులను ఎక్కించుటకు చేసినదే కాదు, అయినను మన ఊళ్లలో ఎక్కించుచున్నారు. అందుచేతనే స్టీరింగు విషయములో చూద్దాములే అనకూడదు.

ఇక పనికి వత్తము. మొదట బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి. లైట్ల వైర్లకు గుర్తుగా గుడ్డపీలికలు కట్టండి. సైలెన్సరు గొట్టము బానెట్‌లోనుండి పైకి వచ్చునదైతే, చల్లారిన తరువాత దానిని తీసి, ఇద్దరు పట్టి రేకును దింపండి.

సొట్టను నడిమధ్యన ఒక్క పెద్ద దెబ్బ కొట్టి లేపవలెనని చాలామంది చూతురు. అట్లు కొట్టిన రేకు సాగును. సాగిన రేకు నూనె డబ్బా మూత వలె టక్కుటక్కుమని లోపలికి బయటికి ఎగురుచుండును, తరువాత దానిని కుదుర్చుట కష్టము. ఇసుక నింపిన గోనెసంచి మీద బానెట్‌ను బోర్లించి, లోపలి వైపునుండి కొయ్యసుత్తితో సొట్ట అంచున మొదలుపెట్టి చుట్టుచుట్టుగా మధ్యకు రండి. చిన్న దెబ్బలు, ఎక్కువ దెబ్బలు. మధ్య మధ్య అరచేతితో తడిమి చూడండి, కంటికంటె చేతికే ఎత్తుపల్లములు బాగుగా తెలియును. కొత్త బండ్లలో ముందు భాగము కొన్నిటికి ప్లాస్టిక్‌తో ఉండును. దానికి సుత్తి పనికిరాదు.

పగులు ఉన్నచో దాని చివర సన్నని రంధ్రము వేయించండి, లేనియెడల అదురుకు అది ఇంకను సాగిపోవును. ఆ మీదట లోపలనుండి రేకు ముక్క పెట్టి రివెట్లు కొట్టవచ్చును. వెల్డింగే కావలెనంటే గ్యాసుతో ఇత్తడి అతుకు మేలు. పలుచని రేకు మీద కరెంటు వెల్డింగు పెట్టిన అతుకుకంటె బొక్కలే ఎక్కువగును.

వెల్డింగు షాపు పిల్లవాడు “రెండు నిమిషాల పని, దించుడెందుకన్నా” అనును. వినవద్దు. బానెట్‌ను బండి మీద ఉంచి ఎన్నడును వెల్డింగు చేయించరాదు. క్రిందనే ట్యాంకు ఉన్నది. డీజిలు తీసివేసిన ఖాళీ ట్యాంకు క్షేమమని అనుకొనుట పొరపాటు, లోపల నిలిచిన ఆవిరికి నిప్పు తగిలిన అది పేలును. బ్యాటరీ తగిలించి ఉన్నయెడల ఆల్టర్నేటరు కూడ చెడవచ్చును.

అసలు రేకు ఎందుకు పగిలినది? అనేకసార్లు క్రింద ఉండవలసిన రబ్బరు అరిగిపోవుటయో, బోల్టు ఊడుటయో కారణము. ఇనుము మీద ఇనుము కొట్టుకొనుచున్నది. పాత టైరునుండి బిళ్లలు కోసి వేయండి. ఇది చేయక ఎంత మంచి మేస్త్రి అతికినను పంట తిరుగకముందే మరల పగులును. బ్యాటరీ దగ్గర రేకు తిన్నదైతే అది ఆసిడ్ పని. కళ్లకు తగలకుండ చూచుకొని, వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి ఆరబెట్టండి.

తుప్పును గరుకు కాగితముతో మెరియువరకు రుద్ది, రెడ్ ఆక్సైడు పూసి, అది పూర్తిగా ఆరిన తరువాతనే రంగు వేయండి. లోపలి వైపు మరువవద్దు, తుప్పు మొదలగునది అక్కడనే. వానాకాలము దమ్ము పనికి ముందే, ఎండలుండగానే చేసిన రంగు బాగుగా పట్టును.

బిగించిన తరువాత ఇంజను స్టార్టు చేసి ప్రక్కన నిలిచి వినండి. ఎక్కడనైన గలగల వినబడిన ఆ బోల్టు క్రింద ఇంకొక రబ్బరు బిళ్ల వేయండి. మొదటి దినము దున్నిన సాయంకాలము పానా తీసికొని అన్నిటిని మరియొకసారి బిగించండి.