నాలుగు తీగల వాద్యానికి నలుగురిలో గుర్తింపేదీ?

కళాశాల వార్షికోత్సవంలో వాద్యబృందం కార్యక్రమం ముగిశాక జరిగే తంతు ఒకటుంది. వ్యాఖ్యాత మైకు అందుకుని గాయకుని పేరు చెబుతాడు. చప్పట్లు. గిటార్ వాయించిన యువకుని పేరు చెబుతాడు. ఈలలు. డ్రమ్స్ ముందు కూర్చున్నవాడు కర్రలు పైకెత్తి చూపుతాడు. మళ్లీ చప్పట్లు. ఆ వెంటనే తదుపరి అంశం నృత్యమని ప్రకటన వెలువడుతుంది. డ్రమ్స్ దాపున పొడవాటి మెడ ఉన్న గిటార్ పట్టుకుని నిలబడ్డ మరొకడు తన వైరు తానే చుట్టుకుని మెట్లు దిగిపోతాడు. అతడు వాయించినది బేస్ గిటార్. అరగంట సేపు పాటను మోసినవాడు అతడే. ఆ సంగతి తెలిసినవారు సభలో బహుశా అతని తోటి వాద్యకారులు మాత్రమే.

విశాఖపట్నం వంటి నగరంలో విద్యార్థులు, చిన్న ఉద్యోగులు కలిసి పేరుపొందిన రాక్ పాటలను, మధ్యమధ్య సినిమా పాటలను నేర్చుకుని వాయించే ఔత్సాహిక బృందాలు కొత్త కాదు. వీరికి ఇది బతుకుతెరువు కాదు. వారమంతా చదువో, ఉద్యోగమో చూసుకుని, ఆదివారం నాడు ఎవరి మేడమీది గదిలోనో చేరి సాధన చేస్తారు. ఏడాదిలో రెండు మూడు వేదికలు దొరికితే అదే పదివేలు. అటువంటి బృందంలో ఒకరి పేరు చెప్పకపోతే మునిగిపోయేదేమిటని అడగవచ్చు. మునిగేది ఆ ఒక్కడు కాదు. నలుగురూ ఒకరినొకరు వింటూ కలిసి వాయించడమనే విద్యకే అది నష్టం.

మిగిలిన వానికి మిగిలిన వాద్యం

ఔత్సాహిక బృందం ఏర్పడే తీరు అంతటా ఒక్కటే. పాడేవాడు ముందే ఖాయం. గిటార్ వాయించేవారు ఇద్దరో ముగ్గురో ఉంటారు. డ్రమ్స్ ఉన్నవానికి ఎదురే లేదు. ఇక గిటార్ వాయించేవారిలో ఎవరు కాస్త వెనకబడ్డారో వానికి బేస్ అప్పగిస్తారు. 'నాలుగు తీగలే కదా, నీకు సులువు' అన్నది ఓదార్పు. ఇంట్లో ఒడ్డనలో ఆఖరున కూర్చున్నవానికి అడుగంటిన కూర వడ్డించినట్టు ఉంటుంది ఆ పంపకం.

ఈ పద్ధతి మన ఊళ్లలో పుట్టినది కాదు. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో బీటిల్స్ అనే నలుగురు ప్రపంచ ప్రసిద్ధులు కాకముందు వారి బృందంలోనూ జరిగింది ఇదే. స్టువర్ట్ సట్‌క్లిఫ్ అనే చిత్రకళా విద్యార్థి 1960లో తన బొమ్మ అమ్ముడుపోగా వచ్చిన డబ్బుతో బేస్ గిటార్ కొని, మిత్రుల బలవంతం మీద బృందంలో చేరాడు. మరుసటి సంవత్సరం అతడు చిత్రకళకే అంకితమై జర్మనీలోని హాంబర్గులో ఉండిపోయాడు. అంతవరకు గిటార్, పియానో వాయిస్తూ వచ్చిన పాల్ మెకార్ట్‌నీ బేస్ చేపట్టవలసి వచ్చింది. అది ఇష్టపడి చేసిన పని కాదు. మిగతావారెవరూ ముందుకు రాలేదు. ఎడమచేతి వాటం గనుక తిప్పి పట్టుకున్నా ఎబ్బెట్టుగా కనిపించని వయొలిన్ ఆకారపు బేస్‌ను హాంబర్గులో సుమారు 30 పౌన్లకు కొనుక్కున్నాడు. 1972లో దొంగల పాలైన ఆ వాద్యం యాభై ఏళ్లు దాటాక దొరికి యజమానికి చేరిందని 2024లో ప్రకటించినపుడు అది ప్రపంచ వార్త అయింది. తొలినాడు ఎవరికీ అక్కరలేని వాద్యం చివరకు అంత విలువైనదయింది.

ఇక్కడ మరొకటి గమనార్హం. ఆ బృందం హాంబర్గు క్లబ్బులలో రాత్రులు గంటల తరబడి వాయించినవి ఎక్కువగా ఇతరుల పాటలే. 1963లో వెలువడిన వారి మొదటి పెద్ద రికార్డులోని 14 పాటలలో 6 ఇతరులవే. కనుక ఒకరి పాటను మరొకరు వాయించడం చేతకానితనమని కొట్టిపారేయడం సరికాదు. అది సాధనలో ఒక మెట్టు.

పాటకు నేల

అసలు ఈ వాద్యం చేసే పనేమిటి? మామూలు గిటార్‌కు ఆరు తీగలు. బేస్‌కు సాధారణంగా నాలుగు. అవి గిటార్ అడుగు నాలుగు తీగల స్వరాలే, కాని ఒక స్థాయి కిందుగా పలుకుతాయి. గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తే, బేస్‌లో అది 41 సార్లు మాత్రమే. అంత మంద్రమైన నాదం కోసం తీగ పొడవు కూడా పెరిగింది. ఎక్కువ బేస్ గిటార్లలో అది 34 అంగుళాలు. పూర్వం ఈ పనిని మనిషెత్తు ఉండే పెద్ద వయొలిన్ వంటి వాద్యం చేసేది. దానిని మోయడం కష్టం, డ్రమ్స్ హోరులో వినబడడం ఇంకా కష్టం. 1951లో అమెరికాలో లియో ఫెండర్ విద్యుత్ బేస్ గిటార్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. మెడమీద మెట్లు ఉండడం వల్ల వేలు పెట్టిన చోట స్వరం కచ్చితంగా పలుకుతుంది. ఆ కచ్చితత్వాన్నే దాని పేరులో చేర్చి ప్రెసిషన్ బేస్ అన్నాడు.

సన్నాయి మేళం ఎరిగినవారికి ఈ సంగతి తేలికగా బోధపడుతుంది. పెళ్లిపందిరిలో రాగం ఆలపించే సన్నాయిని అందరూ చూస్తారు. పక్కన బుగ్గలు పూరించి ఒకే స్వరం పట్టి కూర్చున్నవానిని ఎవరూ చూడరు. అతడు ఊపిరి ఆపితే మాత్రం రాగం గాలిలో వేలాడుతుంది. బేస్ వాయించేవాని పని అంతకన్న కొంత చిక్కైనది. అతడు శ్రుతినీ చూడాలి, లయనూ చూడాలి. డ్రమ్స్ వాయించేవాని కుడికాలు పెద్ద డ్రమ్ముపై పడే క్షణాన ఇతని వేలు తీగను మీటాలి. అదే సమయంలో గిటార్ పలికే స్వరమేళనానికి ఏది ఆధారమో అది పలకాలి. లయకూ స్వరానికీ ముడివేసే చోట నిలబడ్డాడన్న మాట.

సులువనేవారు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చు. హార్మోనియం మీద స, అంతర గాంధారం, ప మూడూ కలిపి నొక్కితే సంతోషంగా వినిపిస్తుంది. ఆ మూడింటినీ అలాగే ఉంచి, కింది స్థాయిలో చతుశ్రుతి దైవతం ఒక్కటి కలిపితే అదే మేళనం దిగులు పలుకుతుంది. పైనున్నవారు ఏమీ మార్చలేదు. మార్చినది కిందివాడు. గిటార్ వాయించేవాడు ఒక స్వరం తప్పితే అది గమకమేమో అనుకుని జనం సర్దుకుంటారు. బేస్ తప్పితే పాట మొత్తం తప్పినట్టే ఉంటుంది, ఎందుకు తప్పిందో మాత్రం ఎవరికీ తెలియదు. పని సరిగా చేసినన్నాళ్లు కనబడక, చెడినపుడే బయటపడే ఉద్యోగం ఇది. రైలు పట్టాలు బిగించే గ్యాంగ్‌మన్ గురించి ప్రయాణికుడు ఎన్నడు తలచుకున్నాడు గనుక!

పేరు లేని పనివారు

ఈ మరుపు ఔత్సాహికుల దగ్గరే ఆగలేదు. అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ 1960 దశకంలో తెచ్చిన లెక్కలేనన్ని విజయవంతమైన పాటలకు బేస్ వాయించినవాడు జేమ్స్ జేమర్సన్. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. ఆ పాటలను కోట్లమంది విన్నారు. పేరు మాత్రం రికార్డు అట్టమీద లేదు. 1971లో మార్విన్ గే రికార్డుతో గాని ఆ కంపెనీ వాద్యకారుల పేర్లు అచ్చులోకి ఎక్కలేదు. ఆయన 1983లో మరణించగా, రాక్ సంగీత గౌరవ మందిరంలో 2000లో స్థానం ఇచ్చారు. బతికి ఉండగా దక్కవలసిన గౌరవం పదిహేడేళ్లు ఆలస్యంగా వచ్చింది.

మన సినిమా పాటల సంగతి చూసినా అంతే. ఇళయరాజా పాటలలో బేస్ నడక పాటకు సమానంగా మరో పాటలా సాగుతుందని రసజ్ఞులు చెప్పుకుంటారు. ఆ పాటలకు వాయించిన శశిధరన్ పేరు, హిందీలో ఆర్.డి. బర్మన్ వద్ద వాయించిన టోనీ వాజ్ పేరు ఎందరికి తెలుసు? క్యాసెట్ అట్టమీద గాయకులు, రచయిత, సంగీత దర్శకుడు ఉండేవారు. మిగిలినవారికి చోటు చాలేది కాదు. నేటి సెల్‌ఫోనులోనైతే పేరుతో పాటు నాదమే పోయింది. గోరంత స్పీకరులో అంతటి మంద్ర స్వరం పలకదు. ఫోనులో పాట నేర్చుకుని సాధనకు వచ్చే కుర్రవానికి బేస్ అనేది ఒకటుందని తెలియకపోవడంలో వింత లేదు.

ట్రాకు వినదు

ఇప్పుడు కొత్తగా వచ్చిన కష్టం మరొకటి. వినాయక చవితి పందిళ్లలోనూ, పెళ్లి విందులలోనూ అయిదారుగురు వాద్యకారులు ఉండవలసిన చోట గాయకుడు, ఒక ట్రాకు ఉంటే సరిపోతున్నది. అంతకుముందే కీబోర్డు వాయించేవాని ఎడమచెయ్యి బేస్ పనిని తీసుకున్నది. ఆనక ఆ చేతినీ కంప్యూటరు తీసుకున్నది. సన్నాయి పక్కన శ్రుతి పట్టేవాని స్థానంలో కరెంటు శ్రుతిపెట్టె వచ్చిన కథే ఇది. నిర్వాహకులకు ఖర్చు తగ్గుతుంది, వాద్యాలు మోసే బెడద ఉండదు. ఆ లెక్కలో తప్పు పట్టవలసినది లేదు.

అయితే ట్రాకు వాయిస్తుందే గాని వినదు. గాయకుడు తడబడి ఒక చరణం దాటవేస్తే ట్రాకు తన దారిన తాను పోతుంది. బేస్ వాయించేవాడైతే గాయకుని ముఖం చూస్తాడు, డ్రమ్స్ వైపు తల ఊపుతాడు, ఒక ఆవృతం అదే స్వరం మీద నిలబడి పాటను ఒడ్డుకు చేరుస్తాడు. శ్రోతలకు ఆ తడబాటు తెలియనే తెలియదు. ఎదుటివాని పొరపాటును తన పనితో కప్పడం, దానికి మెప్పు ఆశించకపోవడం ఏ పాఠ్యపుస్తకం నేర్పని పాఠం. ఇరవై ఏళ్ల కుర్రవాడు ఆ పాఠం ఆదివారం సాధనలో నేర్చుకుంటున్నాడంటే తల్లిదండ్రులు సంతోషించవలసిన విషయమే.

ఇదంతా పరాయి సంగీతానికి అనుకరణ అనేవారున్నారు. గయోపాఖ్యానం, చింతామణి నాటకాలను దశాబ్దాల తరబడి ఊరూరా ఔత్సాహికులు ఆడారు. ఎవరో రాసిన పద్యాలు, ఎవరో కట్టిన వరసలు. దానిని అనుకరణ అని ఎవరూ తీసిపారేయలేదు. ఆ వేదికలమీదే రాటుదేలిన వారెందరో. గిటార్లు పట్టిన కుర్రవారిని మాత్రం వేరే కొలతతో కొలవడం న్యాయం కాదు.

ఇరుగుపొరుగుల ఫిర్యాదు మాత్రం సమంజసమే. మంద్ర నాదానికి గోడలు అడ్డురావు. గిటార్ మోత కిటికీ మూస్తే తగ్గుతుంది, బేస్ మోత పక్కింటి మంచానికి కూడా తెలుస్తుంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు నిషిద్ధం. పరీక్షలకు చదివే పిల్లలు, మంచంపట్టిన వృద్ధులు ఉన్న వీధిలో మేడమీద సాధన చేస్తే గొడవ రాక తప్పదు. అందువల్లనే తగిన చోటు చూపవలసిన అవసరం ఉంది.

చేయదగినవి కొన్ని

నగరంలో ప్రదర్శనకు కళాభారతి ఉంది, గురజాడ కళాక్షేత్రం ఉంది. సాధనకు గది దొరకడమే కష్టం. తరగతులు ముగిశాక సాయంత్రం రెండు గంటలపాటు ఏదో ఒక గదిని వాద్యబృందాలకు కేటాయించడం కళాశాలల యాజమాన్యాలకు భారం కాబోదు. క్రికెట్ కిట్టు కొన్నట్టే బేస్‌కు తగిన యాంప్లిఫయరు ఒకటి కొనిపెట్టవచ్చు. గిటార్ కోసం చేసిన చిన్న పెట్టెకు బేస్ తగిలించి గట్టిగా వాయిస్తే స్పీకరు పాడవుతుంది, వాయించిన స్వరం కూడా తేలదు. ఆ దోషం వాయించినవాని ఖాతాలో పడుతుంది. యువజనోత్సవాల పోటీలలో ట్రాకుతో పాడేవారిని, వాద్యాలతో వచ్చేవారిని ఒకే గాటన కట్టకుండా విభాగాలు వేరుచేయాలి. ప్రశంసాపత్రం బృందానికి ఒకటి కాకుండా ప్రతి వాద్యకారునికి పేరుపేరునా ఇవ్వాలి.

బృందాల వారు చేసుకోవలసినదీ ఉంది. బేస్‌ను వెనకబడినవానికి కాక, లయ తప్పనివానికి, ఓర్పుగా వినేవానికి అప్పగించాలి. పాట ఎత్తుకునే ముందు డ్రమ్స్, బేస్ వాయించే ఇద్దరూ విడిగా కూర్చుని నెమ్మది కాలంలో నడక కుదుర్చుకుంటే సగం పని అయినట్టే. ఇరవై పాటలు అరకొరగా వాయించడం కన్న ఐదు పాటలు నిలకడగా వాయించడం మేలు.

పద్యనాటకాల కరపత్రాలలో పాత్రధారుల పేర్ల కింద హార్మోనియం వాయించేవారి పేరు అచ్చువేయడం మన ఆనవాయితీ. తెర పక్కన కూర్చున్నవానిని కూడా పేరుపెట్టి పిలిచిన మర్యాద అది. ఆ మర్యాద నాలుగు తీగల వాద్యానికీ దక్కాలి. వ్యాఖ్యాత చేతి కాగితంలో ఇంకొక పేరు రాసుకోవాలి, అంతే. దానిని చదవడానికి పట్టేది ఒక్క క్షణం. వైరు చుట్టుకుంటున్న ఆ కుర్రవాడు ఆ క్షణం తల ఎత్తి చూస్తాడు. వచ్చే ఆదివారం సాధనకు మళ్లీ వస్తాడు.