సుమోలు సరే, బిందెలేవీ?

మా ఆడబిడ్డ కూతురికి ఆమధ్య కోస్తా నుంచి ఒక సంబంధం వచ్చింది. జాతకాలు కుదిరాయి, కట్నం గొడవ లేదు. తీరా మాటలనాడు పెళ్లికొడుకు తల్లి నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "వదినగారూ, ఏమీ అనుకోకండి. మీ అనంతపురంలో చీకటి పడ్డాక బయటికి రావచ్చా? బాంబులవీ వేస్తారట కదా!" అంది. "రాకపోతే ఎలాగండీ, కొళాయి వచ్చేది తెల్లారుజామున. బిందెలు పట్టుకుని వీధిలో ఉండేది మేమే" అన్నాను. ఆవిడకు నవ్వు రాలేదు. ఆ సంబంధమూ మళ్లీ రాలేదు.

ఆవిడ తప్పేముంది? 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఆది', 'ఇంద్ర' చూసిన మనిషి. వాటి తర్వాత వచ్చినవాటికి లెక్కలేదు. సీమ అంటే దుమ్ము, దుమ్ములో సుమోలు, సుమోల్లో కత్తులు. ఆ దుమ్మెందుకు లేస్తోందో మాత్రం ఎవరికీ పట్టదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల అండీ ఇది! అదీ పడాల్సినప్పుడు పడితే. శెనక్కాయ విత్తి, మబ్బు వంక చూసి, కమ్మలు కుదువపెట్టి, చివరకు బెంగుళూరు బస్సెక్కే కొంపలు ఎన్నో. ఇందులో కథ లేదా?

కక్షలు లేవని నేను బుకాయించను. ఉండేవి, మనుషులు పోయారు. 2010లో రాంగోపాల్ వర్మ 'రక్తచరిత్ర' రెండు భాగాలు తీశాడు. మనిషిని ఎలా చంపారో ఎంతో ఓపిగ్గా చూపించాడు. ఆ మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందన్నది ఆయనకు అక్కర్లేకపోయింది. 'ఇంద్ర'లో నాయకుడు సీమకు నీళ్ల కోసం ఊరొదిలి కాశీకి పోతాడు. ఆహా, నీళ్ల మాట ఎత్తారు కదా అని సంతోషించాను. మాట ఎత్తడమే, తర్వాత అంతా తొడగొట్టుడు. 2021లో 'అఖండ' ఏకంగా మా జిల్లా పేరే చెప్పుకుంది. నాయిక కలెక్టరు. కరువు జిల్లా కలెక్టరమ్మ చేతిలో ఎంత పని ఉంటుందో మీకు తెలుసు. ఈవిడ మాత్రం ఎవరో వచ్చి కాపాడేదాకా బిక్కమొహంతో నిలబడాలి! 2023లో 'వీరసింహారెడ్డి' వచ్చింది. దాని గురించి వేరే చెప్పడం దండగ.

ఇంకొక చిత్రం గమనించారా? ఒకే ఊళ్లో పుట్టిన ఇద్దరిలో విలనుకే మా యాస. నాయకుడు బెజవాడలో చదువుకొచ్చినట్టు మాట్లాడతాడు. మా మాట నోట్లో పడితే మనిషి చెడ్డవాడైపోతాడు కాబోలు! 2018లో 'అరవింద సమేత'లో ఎన్టీఆర్ చేత సీమ మాట పలికించారు, మెచ్చుకోవాలి. కొట్లాట చాలించమని ఒక జేజి నోటితో చెప్పించారు, ఇంకా మెచ్చుకోవాలి. కానీ ఆ జేజి మాట మన చెవిన పడేలోగా ఎన్ని తలలు తెగాయని!

'సినిమా బండి' (2021) చూడనివాళ్లుంటే చూడండి. కర్ణాటక సరిహద్దు పల్లె. ఆటో నడిపేవాడికి కెమెరా దొరుకుతుంది, ఊరంతా కలిసి సినిమా తీస్తారు. నాయిక కూరగాయలమ్మే మంగ. కత్తి లేదు, బాంబు లేదు, అయినా మా ఇంట్లో పిల్లాపెద్దా కడుపుబ్బ నవ్వారు. నవ్వించడం మా నేలకు కొత్తేమీ కాదు లెండి. 'మాయాబజార్' తీసిన కె.వి.రెడ్డిగారిది తాడిపత్రి. ఆస్తి పోయిందని కుదిరిన పెళ్లి చెడగొట్టేవాళ్లను ఆయన 1957లోనే ఎంత హాయిగా ఏడిపించాడు!

ఇలాంటివి ఎందుకు తీయరంటే, "ఆడవాళ్లు చూడరండీ" అంటారట. చూడమని ఎవరు చెప్పారు వాళ్లకు? ఆదివారం టీవీలో ఆ నరుకుళ్లే వస్తుంటే కట్టేయకుండా కూర్చున్నది మనమే కదా. నేనూ కూర్చున్నాను. నిరుడు విత్తనపు కాయ ఒలిచే రోజుల్లో మా పెద్దమ్మ పల్లెలో, చేటలు ముందు పెట్టుకుని నలుగురం చూస్తున్నాం. తెర మీద బయట్లో యాభైమంది నరుక్కుంటున్నారు. పెద్దమ్మ కాయ ఒలవడం ఆపి కళ్లద్దాలు సర్దుకుంది.

"ఏమే, అంత చేను బీడుపెట్టుకోని కొట్టుకుంటా ఉండారే, ఈళ్లకు వానొచ్చిందా, రాలేదా?"

మా ఎవరికీ తెలియలేదు. అడ్వర్టయిజుమెంట్లు వచ్చాయి, మళ్లీ కాయ ఒలవసాగాం.