విల్లా ఫోటోలో మెట్లు కనబడవు



రంజాన్ ఈద్ అయిన వారానికే మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో మళ్లీ ఫోటోలు మొదలయ్యాయి. నీలంగా మెరిసే ఈత కొలను, దాని అంచు నేరుగా సముద్రంలో కలిసిపోయినట్టు కనబడే ఫోటో. కింద భాయిజాన్ మెసేజ్: "పోజిటానో. ఐదు బెడ్‌రూములు. అందరం సరిపోతాం. ఏమంటారు?" పిల్లలు వరసగా ఎర్ర గుండెలు పెట్టేశారు. అమ్మీ ఎప్పటిలాగే "మాషాఅల్లాహ్" అని వాయిస్ పంపింది. నేనొక్కదాన్నే ఏమీ రాయలేదు. గ్రూపులో రెండు లైన్లలో తేలే విషయం కాదు కాబట్టి, నా మషూరా ఏమిటో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. గల్ఫ్‌లోనో యూరప్‌లోనో ఒక కొడుకు, ఊళ్లో ఒక కొడుకు, మధ్యలో వయసుమళ్లిన అమ్మీ ఉన్న ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఇవాళ మాకొచ్చిన సవాల్ రేపు మీకూ రావచ్చు.

మూడేళ్ల కిందట ఒకసారి వెళ్లొచ్చాం. అబ్బా ఇంతెకాల్ అయిన తర్వాత అమ్మీ గది దాటి బయటికి రావడం మానేసింది. జర్మనీలో ఉన్న భాయిజాన్ నియ్యత్ చాలా మంచిది: అందరం ఒక కప్పు కింద వారం రోజులుందాం, అమ్మీకి సముద్రం చూపిద్దాం అన్నాడు. ఇటలీలో అమల్ఫీ తీరం, పోజిటానో ఊరు, కొండ అంచున విల్లా. "సముద్రానికి 200 మీటర్లు" అని ఉంది ప్రకటనలో.

ఆ 200 మీటర్లు పైనుంచి కిందికి అని మాకెవరూ చెప్పలేదు. అడగాలన్న అఖల్ మాకూ లేదు.

పోజిటానో తెలియనివాళ్లకు చెబుతాను. అది సముద్రం నుంచి కొండ మీదికి నిచ్చెన వేసినట్టు కట్టిన ఊరు. కార్లు తిరిగే దారి ఊరి మధ్యగా మెలికలు తిరుగుతూ పోతుంది, అదీ ఒకవైపుకే. మిగతావన్నీ మెట్లు. సూట్‌కేసులు భుజాన మోసి ఇళ్లకు చేర్చే కూలీలు అక్కడ ఇప్పటికీ ఉన్నారంటే అర్థం చేసుకోండి. కారు ఆగిన చోటు నుంచి మా విల్లా గేటు దాకా నూట ముప్పై రెండు మెట్లు. మా అమ్మాయి లెక్కపెట్టింది. కడపలో ఇంటి ముందు మూడు మెట్లు దిగడానికే గోడ పట్టుకునే అమ్మీ, ఆ రోజు ఇద్దరు కొడుకుల భుజాల మీద చేతులేసి నలభై నిమిషాల్లో చేరింది. మళ్లీ తిరుగు ప్రయాణం రోజే దిగింది. మధ్యలో ఆరు రోజులు వరండాలోనే. బయల్దేరేటప్పుడల్లా ఎవరో ఒకరు అడిగేవాళ్లం, "అమ్మీ, మెల్లగా వస్తావా?" అని. "నై మా, మై ఇధరీచ్ బైఠ్తూఁ, తుమే జావ్" అనేది, చేతిలో తస్బీ తిప్పుకుంటూ. మేం వెళ్లేవాళ్లం. అమ్మీ కోసం వెళ్లిన సఫర్‌లో అమ్మీ తప్ప అందరం ఊరు చూశాం.

అందుకే ఈసారి నా మాట ఒకటే. ఇల్లు ఎంచేటప్పుడు సముద్రం వైపు తీసిన ఫోటో ఆఖర్న చూడండి. ముందు కారు ఆగే చోటు నుంచి గుమ్మం దాకా ఎన్ని మెట్లు, గుమ్మం నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు, ఈ రెండు అంకెలూ రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆ తీరంలో ఇళ్లన్నీ కొండ వాలులో మూడు నాలుగు అంతస్తులుగా ఉంటాయి. వంటగది ఒక అంతస్తు, పడక గదులు ఒక అంతస్తు, కొలను ఇంకా కింద. "లిఫ్ట్ ఉంది" అంటే అది రోడ్డు నుంచి ఉందా, ఇంటి లోపల ఉందా అన్నది కూడా అడగాల్సిందే.

నా ఓటు రావెల్లోకి. అదీ కొండ మీది ఊరే, సముద్ర మట్టానికి దాదాపు 350 మీటర్ల ఎత్తున. కానీ నిచ్చెన కాదు, కొండ వీపు మీద పరిచిన ఊరు. నడిమధ్య చదునైన పెద్ద మైదానం, దాని ఒక పక్క చర్చి, ఇంకో పక్క విల్లా రూఫొలో, చుట్టూ కాఫీ దుకాణాలు. మైదానానికి దగ్గరలో, రోడ్డుకు ఆనుకున్న ఇల్లు దొరికితే అమ్మీ సాయంత్రం తన కాళ్ల మీద తాను వచ్చి బల్ల మీద కూచోగలదు. సముద్రంలో దిగాలనుకునే పిల్లలు బస్సెక్కి అమల్ఫీ వెళ్లొస్తారు. కుర్రకాళ్లకు ఇబ్బందేముంది? బీచ్ దూరమని భాయిజాన్ ముఖం మాడ్చుకుంటాడని తెలుసు. పోయినసారి బీచ్‌కు ఆయన వెళ్లింది రెండే రెండు సార్లు, ఆ మాటా ఇక్కడే రాసేస్తున్నాను.

ఇంకో మాట. ఏ దృశ్యం కోసమైతే మనం వారానికి లక్షలు పోస్తామో, అది రావెల్లోలో టికెట్ కొనుక్కుని చూడొచ్చు. విల్లా రూఫొలో తోట, ఊరి చివర విల్లా చింబ్రోనే తోట, రెండూ అందరికీ తెరిచే ఉంటాయి. ఒక్కోదానికి పది యూరోలకు అటూ ఇటూ. చింబ్రోనే చివర పాలరాతి శిల్పాలు వరసగా నిలబెట్టిన చోటు నుంచి చూస్తే కింద సముద్రం, పైన ఆకాశం తప్ప మరేమీ ఉండవు. జర్మన్ సంగీతకారుడు వాగ్నర్ 1880లో రూఫొలో తోటకొచ్చి, తన నాటకంలోని మాయా ఉద్యానం దొరికిందని మురిసిపోయాడట. ఆయన అక్కడ విల్లా కొనలేదు. చూసి వెళ్లాడు, అంతే.

ఆ విల్లా రూఫొలో గురించి కాస్త ఆగి చెప్పాలనుంది. 13వ శతాబ్దంలో వర్తకం చేసి బాగా గడించిన ఒక ఖాందాన్ కట్టుకున్న ఇల్లది. లోపలి నడవాలో ఒకదానితో ఒకటి అల్లుకున్న కమానులు చూడగానే మా దుల్హన్ (తమ్ముడి భార్య) "ఆపా, ఇది మనవాళ్ల పనిలా ఉందే" అంది. తప్పేం కాదు. అమల్ఫీవాళ్లు ఫాతిమీల కాలంలో మిస్ర్‌తో తిజారత్ చేశారు. వాళ్లు ముద్రించిన తరీ అనే బంగారు నాణేలు అరబ్బుల నాణేలను చూసి చేసినవే, అర్థం కాకపోయినా కూఫీ లిపిలాంటి అక్షరాలతో సహా. అమల్ఫీ చర్చి పక్కనున్న స్వర్గ ప్రాంగణంలోనూ అవే అల్లిక కమానులు. గుడ్డపీలికలతో కాగితం చేసే హునర్ కూడా ఆ ఊరికి అరబ్బుల వైపు నుంచే వచ్చిందంటారు. ఆ తీరమంతా కొండలకు మెట్లు చెక్కి పెంచే పొడుగాటి నిమ్మకాయ సరేసరి. వాళ్లు లిమోనే అంటారు, అరబీలో లైమూన్, మన పెద్దవాళ్ల నోట లీమూ. అమ్మీకి ఒక కాయ చేతిలో పెడితే వాసన చూసి, "అచార్ పెడితే ఏడాది వస్తుంది" అంది. ఆ వారంలో ఆమె నవ్విన మాట అదొక్కటే గుర్తు.

ఇక ఇంటి లోపలి సంగతులు. మనకు తహారత్ ముఖ్యం కదా. యూరప్‌లో చాలాచోట్ల అదే పెద్ద పరేషానీ. ఇటలీలో అది లేదు. 1975 నుంచి ఇళ్ల నిబంధనల్లోనే బిడే ఉండాలని ఉంది కాబట్టి ఎంత చిన్న ఇంట్లోనైనా దొరుకుతుంది. అల్హందులిల్లాహ్, సీసాలు మోసుకెళ్లే బాధ తప్పింది. ఖిబ్లా ఆగ్నేయం వైపు. జూన్‌లో ఫజ్ర్ నాలుగు లోపే, ఇషా పది దాటాకే. కాబట్టి అమ్మీ గది పిల్లలు అర్ధరాత్రి దాకా గోల చేసే కొలను పక్కన ఉండకూడదు.

కొలను అన్నాను కదా, పర్దా విషయం. ప్రకటనల్లో "ప్రైవేట్ పూల్" అని ఉంటుంది. అంటే ఆ కొలను వేరేవాళ్లు వాడరని అర్థం, వేరేవాళ్లకు కనబడదని కాదు. వాలు మీద ప్రతి ఇంటి కొలనూ పై ఇంటి వరండాకు కనబడుతుంది. పోయినసారి నేనూ భాభీ ఒక్కరోజు కూడా నీళ్లలో దిగలేదు. పైన ఎవరో దంపతులు పొద్దస్తమానం కుర్చీలేసుకుని కూచునేవాళ్లు, పాపం వాళ్ల తప్పేం లేదు. కొలను పక్కన నిలబడి పైకి చూస్తూ వీడియో తీసి పంపమనండి. పంపనంటే ఆ ఇల్లు వదిలేయండి.

వంటగది దగ్గరికొస్తే నాకు నిజంగానే కోపమొస్తుంది. హలాల్ కోసం ఇంట్లోనే వండుకుందాం అని మగవాళ్లు సునాయాసంగా అనేస్తారు. సరే, ఎవరు వండుతారు? పన్నెండు మందికి రెండు పూటలా నేను, భాభీ, దుల్హన్. నేపల్స్ స్టేషన్ చుట్టుపక్కల వీధుల్లో హలాల్ మాంసం దొరుకుతుంది, అక్కడి నుంచి కిలోల లెక్కన తెచ్చి ఫ్రిజ్‌లో కుక్కారు. ఇటలీలో మా ముగ్గురికీ బాగా గుర్తున్నది స్టవ్ ముందున్న తెల్ల పలకల గోడ. లగ్జరీ అన్న మాట ఎవరికి వర్తించింది అక్కడ? ఈసారి వంటమనిషి ఉన్న ఇల్లయితేనే వస్తామని ముగ్గురం ముందే అనుకున్నాం. ఖర్చు ఎక్కువంటే, గదులు తగ్గించండి, కొలను తీసేయండి. ఆ వంటమనిషికి ముందుగానే రాసి ఇవ్వాలి: పంది మాంసం, దాని కొవ్వు, వంటలో వైన్ వద్దు. ఆ తీరంలో చేపకు కొదవ లేదు. కూరగాయలు, చేపలు, రొట్టెతో వారం హాయిగా గడుస్తుంది. పర్మిజానో జున్నులో దూడ కడుపు నుంచి తీసిన పదార్థం వాడతారు. దాని మీద ఉలమాలో ఇఖ్తిలాఫ్ ఉంది కాబట్టి మీరు నమ్మే ఆలిమ్‌ను అడిగి తేల్చుకోండి. రొయ్యల మీద మా ఇంట్లో బహస్ ఎప్పుడూ ఉండేదే, దాన్ని ఇటలీ దాకా మోసుకెళ్లకండి.

డబ్బు పంపేముందు చూడాల్సినవి రెండున్నాయి. 2025 జనవరి నుంచి ఇటలీలో ఇలా అద్దెకిచ్చే ప్రతి ఇంటి ప్రకటనలో చిన్ (సి.ఐ.ఎన్.) అనే జాతీయ గుర్తింపు సంఖ్య ఉండాలి. అది లేని ఇంటికి అడ్వాన్స్ పంపడమంటే తెలిసి బావిలో వేసినట్టే. రెండోది వీసా. ఇంటి కాగితం చూపితే గానీ షెంగెన్ వీసా రాదు, వీసా వస్తుందో రాదో తెలియకుండా ఇంటికి డబ్బు కట్టాలి. వెనక్కిచ్చే షరతు లేకుండా కట్టకండి, అమ్మీ వీసా ఒక్కటి ఆగినా మొత్తం సఫర్ ఆగినట్టే. కారు సొంతంగా నడపాలని కూడా భాయిజాన్‌కు ఉబలాటం. ఆ తీరం రోడ్డు మీద రద్దీ రోజుల్లో సరి సంఖ్య బండి ఒకరోజు, బేసి సంఖ్య బండి ఒకరోజు అన్న ఖాయిదా పెట్టారు. ఒక్కో మలుపులో ఎదురుగా బస్సొస్తే ఊపిరి బిగబట్టాల్సిందే. డ్రైవర్‌తో సహా బండి మాట్లాడుకోవడమే మేలు.

ఇక హిసాబ్. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. తమ్ముడి ఇజాజత్‌తోనే రాస్తున్నాను.

పోయినసారి విల్లా కిరాయి తొమ్మిది వేల యూరోలు. ముగ్గురం సమానంగా పంచుకున్నాం, ఇన్సాఫ్ అంటే అదే అనుకుని. భాయిజాన్‌కు అది నెల జీతంలో ఒక భాగం. మాకు మా ఆయన బోనస్. కడపలో చిన్న బట్టల దుకాణం నడిపే ఛోటూకు అది ఎంతో మాలో ఎవ్వరం అడగలేదు. వాడు కూడా శరమ్‌తో నోరు మెదపలేదు. తిరిగొచ్చిన ఎనిమిది నెలలకు ఒక షాదీలో దుల్హన్ చేతులకు గాజులు లేకపోతే అడిగాను. బ్యాంకులో ఉన్నాయంది. గోల్డ్ లోన్, సూద్ మీద. సూద్ జోలికి పోవద్దని జీవితమంతా చెప్పిన అబ్బా పేరు మీద మొదలుపెట్టిన సఫర్ కోసం. ఆ విల్లా వరండాలో వాడు అందరికంటే ఎక్కువ నవ్వించాడు, అమ్మీ కాళ్లు వాడే పిసికాడు. గుర్తొస్తే ఇప్పటికీ అన్నం దిగదు.

విలాసం హరామ్ అని నేననడం లేదు. అల్లాహ్ ఇచ్చినవాళ్లు చూడాలి, తిరగాలి. కానీ నా దృష్టిలో ఇస్రాఫ్ అన్నది కిరాయి అంకెలో ఉండదు, అది ఎవరి గాజుల నుంచి వచ్చిందన్నదాంట్లో ఉంటుంది. అందుకే ఈసారి నా షరతు: వాటాలు సమానంగా వద్దు. ఎవరి ఆమ్దనీని బట్టి వాళ్లు. ఛోటూ కుటుంబం విమాన టికెట్లు మాత్రం వాడే పెట్టుకుంటానంటున్నాడు, పెట్టుకోనివ్వండి, వాడి ఖుద్దారీ వాడికి ఉండాలి. కిరాయి పెద్దవాళ్లిద్దరం చూసుకుంటాం. అదీ కుదరదంటే రావెల్లోలో కొలను లేని, మూడు గదుల మామూలు ఇల్లు చూద్దాం. పిల్లలు హాల్లో పరుపులేసుకుని పడుకుంటారు. కడపలో ఈద్‌కు పడుకోవడం లేదా?

నిన్న రాత్రి ఇదంతా భాయిజాన్‌కు ఫోన్‌లో చదివి వినిపించాను. గాజుల సంగతి ఆయనకు తెలియదు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రావెల్లోలో ఆ మైదానం దగ్గర ఇళ్లుంటే పంపు, మే ఆఖరికి చూద్దాం" అన్నాడు. పొద్దున్న లేచేసరికి గ్రూపులోంచి ఆ కొలను ఫోటో తీసేసి ఉంది. అమ్మీ మాత్రం దాని కిందే మాషాఅల్లాహ్ చెప్పింది కదా, ఫోటో ఏమైందని నాకు ఫోన్ చేసి అడుగుతోంది. ఇల్లు మారుస్తున్నామని చెప్పాను. "మెట్లు ఎన్ని?" అంది.