ఇంటి స్థితి – రుణ భద్రత: అమెరికా ప్రభుత్వ హామీ గృహరుణాల నిబంధనలపై ఒక పరిశీలన

ప్రత్యేక వ్యాసం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో స్వల్ప పొదుపుతో తొలి ఇల్లు కొనదలచిన కుటుంబానికి రుణార్హత ఉంటే చాలదు. ఎంచుకున్న ఇంటికి కూడా అర్హత ఉండాలి. దరఖాస్తుదారు ఆదాయం, రుణచరిత్ర సక్రమంగా ఉన్నప్పటికీ, పైకప్పు కారుతున్నదనో, గోడల పాత రంగు పెచ్చులూడుతున్నదనో కొనుగోలు నిలిచిపోయే సందర్భాలు ఉన్నాయి. ప్రభుత్వ హామీతో కూడిన గృహరుణాలలో అప్రైజర్ ఇంటి విలువను నిర్ణయించడంతో పాటు, దాని స్థితిని కూడా పరిశీలించి నివేదించవలసి ఉండటమే ఇందుకు కారణం. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడుతున్న కుటుంబాలు సైతం ఈ నిబంధనల ఉద్దేశాన్ని, పరిమితులను తెలుసుకోవడం ఎంతైనా అవసరం.

హామీ వెనుక ఉద్దేశం

1934 నాటి జాతీయ గృహనిర్మాణ చట్టం ద్వారా ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఏర్పడింది. ఎఫ్‌హెచ్‌ఏగా సుపరిచితమైన ఈ సంస్థ 1965లో గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖలో భాగమైంది. ఇది స్వయంగా రుణాలు ఇవ్వదు. బ్యాంకులు, ఇతర రుణసంస్థలు ఇచ్చే రుణాలకు బీమా కల్పిస్తుంది. మాజీ సైనికుల కోసం 1944 చట్టంతో మొదలైన హామీ పథకానికి, గ్రామీణ ప్రాంతాల కోసం వ్యవసాయ శాఖ నిర్వహించే పథకానికి కూడా ఇంటి స్థితికి సంబంధించిన నిబంధనలు వేర్వేరుగా ఉన్నాయి.

ఎఫ్‌హెచ్‌ఏ పథకంలో క్రెడిట్ స్కోరు 580 లేదా అంతకు మించి ఉన్నవారు ఇంటి విలువలో 3.5 శాతం సొంతంగా చెల్లిస్తే సరిపోతుంది. అంటే 3 లక్షల డాలర్ల ఇంటికి 10,500 డాలర్లు. మిగిలిన 2,89,500 డాలర్లకు ఆ ఇల్లే పూచీ. రుణగ్రహీత వాయిదాలు చెల్లించలేక ఇల్లు జప్తు అయితే నష్టాన్ని బీమా నిధి భరించవలసి వస్తుంది. మరోవైపు, ఉన్న పొదుపంతా తొలి చెల్లింపునకే వెచ్చించిన కుటుంబం వద్ద పైకప్పు మార్చడానికి మళ్లీ సొమ్ము ఉండదు. కనుక ఇల్లు నివాసయోగ్యంగా ఉండటం నిధికీ, కుటుంబానికీ సమానంగా అవసరమే.

పరిశీలించే అంశాలు

నివాసుల ఆరోగ్య భద్రత, ఆస్తికి రక్షణ, కట్టడపు దృఢత్వం అనే మూడు సూత్రాలపై ఎఫ్‌హెచ్‌ఏ నిబంధనలు ఆధారపడి ఉన్నాయి. పైకప్పు నీటిచెమ్మను లోనికి రానీయకుండా కనీసం మరో 2 సంవత్సరాలు పనికివచ్చేదిగా ఉండాలి. నీటి గొట్టాలున్న గదులలో కనీసం 50 డిగ్రీల ఫారన్‌హీట్ ఉష్ణోగ్రతను నిలిపే తాపన వ్యవస్థ ఉండాలి. అగ్నిప్రమాద సమయంలో పడకగది నుంచి బయటపడే మార్గం ఉండాలి. సొంత బావి ఉన్నచోట సెప్టిక్ ట్యాంకు దానికి కనీసం 50 అడుగుల దూరంలో ఉండాలి.

1978కి ముందు కట్టిన ఇళ్ల విషయంలో రంగుకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. నివాసాలకు సీసం కలిసిన రంగుల వాడకాన్ని నిషేధించినది ఆ సంవత్సరమే. పెచ్చులూడిన పాత రంగు పొడి, ముక్కలు పసిపిల్లల నోటిలోకి వెళితే మెదడు ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉన్నందున, అటువంటి ఇళ్లలో దెబ్బతిన్న రంగును సరిచేయడం తప్పనిసరి.

2005 నాటి సడలింపు

ఒక దశలో చిన్న లోపాలకు కూడా మరమ్మతులు కోరే ధోరణి ఉండేది. దీనివలన ఎఫ్‌హెచ్‌ఏ రుణమంటేనే అమ్మకందారులు వెనుకంజ వేయసాగారు. 2005 డిసెంబరులో ఆ సంస్థ విధానాన్ని సవరించింది. పగిలిన కిటికీ అద్దం, కారే కుళాయి, అరిగిన నేలపరుపు, మెట్లకు చేతికమ్మీ లేకపోవడం వంటివి నివేదికలో పేర్కొంటే చాలుననీ, వాటికి మరమ్మతు తప్పనిసరి కాదనీ స్పష్టం చేసింది. కారే పైకప్పు, పునాది దెబ్బతినడం, 1978కి ముందటి ఇళ్లలో చెడిన రంగు వంటి లోపాలకు మాత్రం మినహాయింపు లభించలేదు. నివాసుల ప్రాణానికి, కట్టడపు మనుగడకు ముప్పు తెచ్చే లోపాన్ని, కేవలం వాడకంతో వచ్చిన అరుగుదలను వేరుచేసి చూడటమే ఈ సవరణ సారాంశం.

మిగిలి ఉన్న సమస్య

అయినప్పటికీ చిక్కు పూర్తిగా తొలగలేదు. తప్పనిసరి మరమ్మతులు సాధారణంగా రుణం ఖరారయ్యేలోగా పూర్తికావాలి. వాటిని చేయించవలసిన చట్టబద్ధమైన బాధ్యత అమ్మకందారుపై లేదు. అదే ఇంటికి నగదుతో వచ్చే కొనుగోలుదారు ఈ షరతులేవీ పెట్టడు. అల్పాదాయ కుటుంబాలకు అందుబాటు ధరలో దొరికేవి ఎక్కువగా పాత ఇళ్లే. కనుక కుటుంబాన్ని కాపాడేందుకు ఉద్దేశించిన నిబంధనే, పోటీ అధికంగా ఉన్నచోట ఆ కుటుంబాన్ని ఇంటికి దూరం చేసే అవకాశం ఉంది. అలాగని నిబంధనలను ఎత్తివేస్తే, కారే కప్పు భారం దానిని మోయలేని వారిపైనే పడుతుంది.

ఈ చిక్కుకు కొంత పరిష్కారంగా కొనుగోలు ధరతో పాటు మరమ్మతు వ్యయాన్ని కూడా ఒకే రుణంలో చేర్చే 203(కె) పథకం అమలులో ఉంది. ఇందులో చిన్న మరమ్మతులకు ఉద్దేశించిన విభాగం పరిమితిని 2024 నవంబరులో 35,000 డాలర్ల నుంచి 75,000 డాలర్లకు పెంచారు. కట్టడానికి సంబంధించిన పెద్ద పనులకు ప్రత్యేక విభాగం ఉంది. అమ్మకందారు పెట్టుబడి పెట్టలేని ఇళ్లను వదులుకోకుండా నిలుపుకోవడానికి ఇది ప్రయోజనకరమైన మార్గం.

అప్రైజల్ వేరు, ఇన్‌స్పెక్షన్ వేరు

అప్రైజల్ పూర్తయితే ఇల్లు లోపరహితమని ప్రభుత్వం ధ్రువీకరించినట్లేనన్న భావన సరికాదు. అప్రైజర్ రుణసంస్థ తరఫున పనిచేస్తాడు. కంటికి కనబడినంత మేరకే పరిశీలిస్తాడు. కొనుగోలుదారు సొంత ఖర్చుతో నియమించుకునే హోమ్ ఇన్‌స్పెక్టర్ ఇంటిని మరింత లోతుగా పరీక్షిస్తాడు. ఇన్‌స్పెక్షన్ చేయించుకోవాలని సూచించే పత్రాన్ని గృహనిర్మాణ శాఖే కొనుగోలుదారులకు అందజేయిస్తున్నది.

ఒప్పందం విషయంలోనూ జాగ్రత్త అవసరం. అప్రైజల్ విలువ ఒప్పుకున్న ధర కంటే తగ్గితే ధరావతు కోల్పోకుండా వైదొలగే హక్కును ఎఫ్‌హెచ్‌ఏ నిబంధన కల్పిస్తున్నది. ఈ హక్కు విలువకు సంబంధించినదే తప్ప ఇంటి స్థితికి సంబంధించినది కాదు. ఇన్‌స్పెక్షన్‌లో బయటపడే లోపాల కారణంగా వైదొలగాలంటే ఆ షరతును ఒప్పందంలో విడిగా చేర్చుకోవాలి.

తెలుగువారు గమనించవలసిన విషయం

శాశ్వత నివాస హోదా లేనివారికి 2025 మే 25 నుంచి కొత్త ఎఫ్‌హెచ్‌ఏ రుణాల అర్హతను తొలగించారు. ఫలితంగా హెచ్-1బి వీసాపై పనిచేస్తున్న తెలుగువారికి ఈ మార్గం మూసుకుపోయింది. పౌరులకు, గ్రీన్‌కార్డు గలవారికి మాత్రం కొనసాగుతున్నది. వీసాపై ఉన్నవారు ఆశ్రయించే సాధారణ బ్యాంకు రుణాలలో అప్రైజల్ ఉన్నప్పటికీ, పైన పేర్కొన్న ఎఫ్‌హెచ్‌ఏ నిబంధనలు యథాతథంగా వర్తించవు. కాబట్టి పైకప్పు, పునాది, తాపన వ్యవస్థ, రంగు వంటి అంశాలను కొనుగోలుదారే స్వయంగా పరీక్షింపజేసుకోవాలి. ఇన్‌స్పెక్షన్‌కు అయ్యే కొన్ని వందల డాలర్లను ఆదా చేయబోయి, జీవితకాలపు పొదుపును లోపభూయిష్టమైన ఇంటిలో పెట్టే పరిస్థితి తెచ్చుకోరాదు.