స్వాభిమాన యాత్ర జిల్లా గడప తొక్కాలి

హైదరాబాద్‌లో క్వీర్ స్వాభిమాన యాత్ర 2013లో మొదలైంది. ట్రాన్స్‌జెండర్లు, హిజ్రాలు, గే, లెస్బియన్ యువతీయువకులు, వారి స్నేహితులు రంగుల జెండాలు పట్టుకుని ఆడుతూ పాడుతూ నడిచే ఊరేగింపు అది. కరీంనగర్ నుంచో ఆదిలాబాద్ నుంచో ఆ యాత్రకు వెళ్లాలనుకునే వారి ఇబ్బంది ప్రయాణ దూరం ఒక్కటే కాదు. కరీంనగర్ నుంచి నగరంలోని జేబీఎస్ బస్టాండుకు దాదాపు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి దాదాపు 300. బస్సులున్నాయి, ఆదిలాబాద్‌కు రైలూ ఉంది. అసలు చిక్కు అంతకుముందే మొదలవుతుంది. ఇంట్లో ఏం చెప్పి బయల్దేరాలి? పరీక్ష అనాలా, స్నేహితుడి పెళ్లి అనాలా? కట్టుకోవాలనుకున్న చీర బ్యాగు అడుగున పెట్టి, పైన ప్యాంటు చొక్కాలు సర్దాలి. లాడ్జిలో ఆధార్ అడిగితే కార్డు మీది ఫొటోకూ ఎదురుగా నిలబడ్డ మనిషికీ పొంతన కుదరదు. నడుస్తుండగా ఎవరో తీసిన వీడియో ఊరి వాట్సాప్ గ్రూపుకు చేరడానికి గంట చాలు. ఇంత సన్నాహం చేసుకుంటే దక్కేది ఒక్క పూట స్వేచ్ఛ. మర్నాడు మళ్లీ పాత బట్టలు, పాత పేరు, పాత భయం. ఆ ఒక్క పూట విలువను ఎవరూ తక్కువ చేయకూడదు. ఎందరికో తాము ఒంటరి కాదని మొదటిసారి తెలిసేది అక్కడే. అయితే బతుకంతా జిల్లాలో, ఆత్మగౌరవం మాత్రం నగరంలో అనే ఈ ఏర్పాటు ఎల్లకాలం సాగకూడదు. స్వాభిమాన యాత్ర కరీంనగర్‌కూ ఆదిలాబాద్‌కూ రావాలి. వచ్చేటప్పుడు ఊరేగింపుతో పాటు అధికారులు ఎదురుగా కూర్చుని అర్జీలు తీసుకునే దర్బారును కూడా వెంట తెచ్చుకోవాలి.

వీధిలో నడవడం అంత పెద్ద విషయమా అని అడిగేవారు మన ప్రాంతపు చట్టాల చరిత్ర ఒకసారి చూడాలి. నిజాం పాలనలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, హిజ్రాలను కట్టడి చేసే చట్టం ఒకటి వచ్చింది. వారి పేర్లు, చిరునామాలు రిజిస్టర్‌లోకి ఎక్కించాలని అది చెప్పింది. అలా నమోదైన వ్యక్తి ఆడవారి బట్టలు, నగలు వేసుకుని వీధిలో కనిపించినా, బహిరంగ స్థలంలో పాడినా ఆడినా వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, రెండేళ్ల దాకా జైల్లో పెట్టవచ్చు. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో పదిలంగా మిగిలిపోయింది. ట్రాన్స్‌జెండర్ల హక్కులను గుర్తిస్తూ సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పు ఇచ్చాక కూడా అది చావలేదు. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన వ్యాజ్యంపై 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. నూరేళ్లకు పైగా నిలిచిన ఆ చట్టం నేరమన్నది దేన్ని? నచ్చిన బట్టలో వీధిలోకి రావడాన్ని, పదిమందిలో ఆడిపాడడాన్ని. స్వాభిమాన యాత్రలో చేసేది సరిగ్గా ఆ పనులే. కాబట్టి యాత్రను సరదా షికారుగా కొట్టిపారేయడం తప్పు. ప్రభుత్వం ఒకప్పుడు పేరుపేరునా లాక్కున్న హక్కును వారు కాలినడకన తిరిగి తీసుకుంటున్నారు. ఆ చట్టం పూర్వపు తెలంగాణ ప్రాంతం పేరుతోనే నిలిచింది కనుక, ఆ హక్కును తిరిగి తీసుకునే నడక కూడా రాజధాని రోడ్ల మీదే ఆగిపోవడానికి వీల్లేదు.

జిల్లాల్లో అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు అన్నది సాధారణంగా వినిపించే ప్రశ్న. 2011 జనాభా లెక్కల్లో స్త్రీ, పురుషుడు అని కాక ఇతరులుగా నమోదైనవారు దేశంలో 4.88 లక్షలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. గణకుడి ముందు నోరు విప్పలేని వారిని కలిపితే అసలు సంఖ్య ఇంకా పెద్దదనడంలో సందేహం లేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. దేశవ్యాప్తంగా అలా నమోదైనవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది పల్లెల్లోనే ఉన్నారు. వేడుక నగరంలో జరుగుతోంది, మనుషులు పల్లెల్లో ఉన్నారు. పథకాల సంగతీ ఇంతే. 2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలతో పాటు ట్రాన్స్‌జెండర్లకూ ఉచిత ప్రయాణం ఇచ్చారు. మంచి నిర్ణయం. కానీ కిక్కిరిసిన బస్సులో కండక్టర్ టికెట్ మిషన్ పట్టుకుని వచ్చి ఆధార్ చూపించమన్నప్పుడు, కార్డు మీద పురుషుడని ఉంటే జీరో టికెట్ చేతికి రాదు. తానెవరో యాభై మంది వింటుండగా వివరించడం కంటే డబ్బులిచ్చి టికెట్ కొనుక్కోవడమే మేలనిపిస్తుంది ఎవరికైనా. ట్రాన్స్‌జెండర్ల హక్కుల కోసం తెచ్చిన 2019 చట్టం ప్రకారం వారికి గుర్తింపు పత్రం ఇవ్వాల్సింది జిల్లా కలెక్టర్. ఆధార్ మారాలన్నా, పింఛను రావాలన్నా ఆ కాగితమే మెట్టు. అంటే తాళంచెవి కలెక్టరేట్‌లోనే ఉంది. ఆ తలుపు ముందు నిలబడే ధైర్యాన్ని, అక్కడ వారిని మర్యాదగా పలకరించే అలవాటును పెంచే పని జిల్లా కేంద్రంలో జరగాలి. హైదరాబాద్‌లో ఎంత పెద్ద ఊరేగింపు తీసినా ఆ పని కాదు.

ఇదంతా పడమటి దేశాల దిగుమతి, మన సంస్కృతికి పడదు అన్నది రెండో అభ్యంతరం. ప్రైడ్ పేరుతో నడిచే ఆనవాయితీ 1970 జూన్‌లో న్యూయార్క్‌లో మొదలైన మాట నిజమే. అక్కడ అంతకు ఏడాది ముందు పోలీసు దాడికి ఎదురుతిరిగిన సంఘటనను గుర్తుచేసుకుంటూ నడిచారు. అయితే ఇక్కడ ఈ యాత్రలో నడిచే మనుషులు దిగుమతి అయినవారు కారు. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని వేములవాడకు శ్రీరామనవమి నాడు వెళ్లి చూసినవారికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. గుడిలో సీతారాముల కల్యాణం జరుగుతుండగా శివపార్వతులుగా పిలిచే శివభక్తులు, జోగినులు, హిజ్రాలు చేత త్రిశూలం పట్టుకుని, తలంబ్రాలు చల్లుకుంటూ ఆ గుడిలో కొలువైన శివుణ్ని, రాజన్ననే, పెళ్లాడినట్టు పరవశిస్తారు. శివాలయంలో రాముడి పెళ్లి, ఆ పెళ్లి వేళ శివుడితో పెళ్లి. వేల మంది భక్తులు దాన్ని తప్పుపట్టకుండా చూస్తారు. దేవుడి ఎదుట వారికి చోటుందని ఈ నేల ఎప్పుడో ఒప్పుకుంది. అలాగని ఆ ఆచారాన్ని పూలతో కప్పేసి మాట్లాడడం కూడా న్యాయం కాదు. జోగిని వ్యవస్థ పేరుతో దళిత ఆడపిల్లల మీద జరిగిన దోపిడీ తెలిసిందే, దాన్ని 1988లో చట్టం నిషేధించింది. పండుగనాడు దీవెన కోసం తల వంచినవారే మర్నాడు అద్దెకు గది అడిగితే తలుపు వేసుకుంటారు. మన సంప్రదాయం వారికి పూజలో చోటిచ్చింది, పౌరులుగా చోటివ్వలేదు. ఆ కొరతను తీర్చడానికే స్వాభిమాన యాత్ర కావాలి. అది మన ఆచారాన్ని చెరిపేయదు, ఆచారం సగంలో వదిలేసిన పనిని పూర్తి చేస్తుంది.

ఆ పని ఎలా చేయాలో నేర్పే మాదిరి ఆదిలాబాద్ జిల్లాలోనే ఉంది. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతర గోండుల్లోని మెస్రం వంశీయులది. గోదావరి జలం తేవడానికి వారు కాలినడకన సాగే యాత్ర, ఆ మహాపూజ, కొత్త కోడళ్ల పరిచయం వారి సొంతం. బయటివారు వాటిని అరువు తెచ్చుకోకూడదు. కానీ ఆ జాతరలో దర్బారు అనే మరో ఘట్టం ఉంది. నిజాం మీద తిరగబడిన గోండు నాయకుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక, గోండుల మనసులో ఏముందో తెలుసుకోవలసిన అవసరం నిజాం సర్కారుకు వచ్చింది. మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్ అక్కడికి వచ్చి పనిచేశారు. ఆయన చొరవతో 1940ల్లో జాతరలోనే దర్బారు మొదలైంది. అడవి నుంచి ఆఫీసుకు రాలేని మనిషి దగ్గరికి ఆఫీసే వెళ్లాలన్నది దాని వెనుక ఆలోచన. కలెక్టర్, ఇతర అధికారులు, ప్రజాప్రతినిధులు జాతరకు వచ్చి అర్జీలు వింటారు. పండుగ జనాన్ని కూడగడుతుంది, దర్బారు వారి కష్టాన్ని కాగితం మీదికి ఎక్కిస్తుంది. ఇచ్చిన ప్రతి హామీ నెరవేరిందని ఎవరూ అనలేరు. అయినా అధికారిని రప్పించి, కూర్చోబెట్టి, పదిమందిలో మాట తీసుకోవడం చిన్న విజయం కాదు. జిల్లా స్వాభిమాన దినానికి ఈ ఒరవడే కావాలి. ఉదయం ఊరేగింపు, మధ్యాహ్నం దర్బారు. గుర్తింపు పత్రాల దరఖాస్తులకు ఒక బల్ల, ఆధార్ సవరణకు ఒక బల్ల, పింఛన్లకు, బ్యాంకు రుణాలకు, జిల్లా ఆసుపత్రి వైద్యులకు, న్యాయసేవాధికార సంస్థకు తలా ఒక బల్ల. పాత చట్టాన్ని కొట్టేసిన తీర్పులోనే హైకోర్టు ఆసరా పింఛన్ల గురించి, విద్య, ఉద్యోగాల్లో రిజర్వేషన్ల గురించి ప్రభుత్వానికి ఆదేశాలిచ్చింది. వాటి అమలు ఎంతవరకు వచ్చిందో ఏటా ఆ రోజున కలెక్టర్ అందరి ముందు చెప్పాలి.

ముందు అన్నం, ఆ తర్వాతే జెండాలు అనేవారు ఉన్నారు. ట్రాన్స్‌జెండర్లలోనూ ఈ మాట అనేవారున్నారు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. భిక్షాటన, సెక్స్ వర్క్ తప్ప దారి లేని మనిషికి ఊరేగింపు కడుపు నింపదు. కానీ ఉద్యోగం రానిది చదువు లేకనే అనుకుంటే పొరపాటు. ఆదిలాబాద్ రిమ్స్‌లో ఎంబీబీఎస్ చదివిన డాక్టర్ ప్రాచీ రాథోడ్, ఆమెతో పాటు డాక్టర్ రూత్ జాన్ పాల్ 2022లో హైదరాబాద్ ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలో చేరి, తెలంగాణలో ప్రభుత్వ కొలువు పొందిన తొలి ట్రాన్స్‌జెండర్ వైద్యులయ్యారు. రోగులు రావడం తగ్గుతుందన్న కారణంతో అంతకుముందు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తన ఉద్యోగం పోయిందని డాక్టర్ ప్రాచీ బహిరంగంగానే చెప్పారు. డిగ్రీ ఉంది, అనుభవం ఉంది, అడ్డం వచ్చింది ఎదుటివారి చూపు. ఆ చూపును మార్చకుండా ఎన్ని శిక్షణ శిబిరాలు పెట్టినా ఫలితం సగమే. 2024 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు 39 మంది ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా నియమించారు. సిగ్నల్ దగ్గర చేయి చాచిన మనిషిని చూసి అద్దం ఎక్కించుకున్న వాహనదారుడు, ఇప్పుడు అదే సిగ్నల్ దగ్గర చేయెత్తిన మనిషిని చూసి బండి ఆపుతున్నాడు. కనబడడానికీ కొలువుకూ ఉన్న లంకె ఇదే. ఆదిలాబాద్‌లో చదివిన వైద్యురాలు హైదరాబాద్‌లో చరిత్ర సృష్టించడం గర్వించదగ్గదే. రేపు అలాంటి మరొకరు ఆదిలాబాద్‌లోనో మంచిర్యాలలోనో జగిత్యాలలోనో స్టెతస్కోపు పట్టుకుని, అక్కడే అద్దె ఇల్లు దొరికించుకోగలిగితేనే జిల్లా మారినట్టు.

ఎవరి ఇష్టం వారిది, నాలుగు గోడల మధ్య ఉండాల్సిన దాన్ని రోడ్డెక్కించడమెందుకు అనేది మరో మాట. పైకి ఉదారంగా వినిపించినా ఇందులో ఒక అన్యాయం దాగుంది. ఆడామగా ప్రేమ ఏనాడూ నాలుగు గోడల మధ్య దాక్కోలేదు. బాజాలతో బరాత్‌గా ఊరేగుతుంది, ఫ్లెక్సీలెక్కుతుంది, సినిమాల నిండా పరుచుకుంటుంది. దాచుకోమని చెప్పేది కొందరికే. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ విషయంలో ఇచ్చిన తీర్పుతో వయోజనుల స్వలింగ ప్రేమ నేరం కాకుండా పోయింది. 2023 అక్టోబరులో అదే కోర్టు వారి పెళ్లికి చట్టబద్ధత ఇవ్వడానికి నిరాకరించింది. నేరం కాదు, పెళ్లికి దారీ లేదు. ఈ మధ్య స్థితిలో ఎక్కువ నలుగుతున్నది చిన్న పట్టణాల గే, లెస్బియన్ యువతే. హిజ్రాలకు గురువు, జమాత్ అనే ఆసరా కొంతైనా ఉంది. సంబంధం ఖాయమైందని ఇంట్లో చెబితే ఏం చేయాలో తెలియని పిల్లకు, పిల్లాడికి అదీ లేదు. వారి మౌనం వారి జీవితాన్నే కాక, ఏమీ తెలియకుండా పెళ్లి పీటల మీద కూర్చున్న ఆ రెండో మనిషి జీవితాన్ని కూడా పాడుచేస్తుంది. తమ ఊళ్లోనే ఒకసారి ఆ రంగుల జెండా కనిపిస్తే, తమలాంటి వారి మాట వినే మనుషులు జిల్లాలో ఉన్నారని వారికి తెలుస్తుంది.

చివరి అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. హైదరాబాద్ జనంలో కలిసిపోవచ్చు, కరీంనగర్‌లో ప్రతి వీధిలోనూ తెలిసినవారే, బయటపడితే ఇంటి నుంచి గెంటేస్తారు, కొడతారు, అందుకే నగరమే క్షేమం అంటారు. ఇది పిరికి మాట కాదు, అనుభవం నేర్పిన జాగ్రత్త. కాబట్టి జిల్లా యాత్రకు ఎవరినీ బలవంతంగా తీసుకురాకూడదు, రానివారిని నిలదీయకూడదు. మొహం కప్పుకోవాలనుకునేవారికి ఆ వీలుండాలి. ఒప్పుకోనివారి ఫొటో అచ్చువేయబోమని స్థానిక పత్రికలు, చానళ్లు ముందే మాటివ్వాలి. ముందు వరుసలో నడవాల్సింది కోల్పోవడానికి తక్కువ ఉన్నవాళ్లం, అంటే న్యాయవాదులు, అధ్యాపకులు, వైద్యులు, కవులు, సంఘాల నాయకులు. ఉద్యమాల గడ్డ అని చెప్పుకునే కరీంనగర్‌కు పక్కవాడి కోసం నడవడం కొత్త కాదు. మొదట్లో పదిహేను మందే వచ్చినా చిన్నబుచ్చుకోనక్కర్లేదు. 1999 జూలై 2న కోల్‌కతాలో జరిగిన, దేశంలోనే మొదటిదిగా చెప్పే యాత్రలో నడిచింది దాదాపు అంతమందే. హైదరాబాద్ యాత్రకు వెళ్లేవారు వెళ్లనీ, ఆ పెద్ద జనసందోహం ఇచ్చే ధైర్యం వేరు. జిల్లా యాత్ర దానికి పోటీ కాదు.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పని కూడా కాదు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ట్రాన్స్‌జెండర్, క్వీర్ సంఘాలు తమకు అనువైన తేదీని తామే నిర్ణయించుకోవాలి. పోలీసులు అనుమతితో పాటు రక్షణ ఇవ్వాలి. కలెక్టర్లు ఆ మధ్యాహ్నం తమ సిబ్బందితో దర్బారులో కూర్చోవాలి. మహాలక్ష్మి టికెట్ విషయంలో ఎలా మాట్లాడాలో ఆర్టీసీ తన కండక్టర్లకు చెప్పాలి. మిగతా పని మనది. మన పిల్లలు తాము తాముగా ఉండడానికి అబద్ధమాడి బస్సెక్కి 300 కిలోమీటర్లు పోవాల్సి వస్తోందంటే, లోపం ఆ పిల్లల్లో లేదు, వారిని పంపిన ఊళ్లో ఉంది. ఊరు తన లోపాన్ని తానే దిద్దుకోవాలి.